ఋషికుల్య మొగ: తాబేలు, పాదరసం, జనం

పర్యావరణ కాలుష్యంపై ప్రజల్లో అవగాహన పెంచడం, దాన్ని అరికట్టే మార్గాలు వెతకడం బరంపురంలో ఈ ఏడాది ధర్మనిధి ఉపన్యాసానికి నిర్ణయించిన విషయం. ఈ విషయంలో చెప్పాల్సినవాళ్లు చెప్పలేదని ఎవరూ అనలేరు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సినిమా హాళ్లలో పర్యావరణం గురించి స్లైడ్లు వేయడం తప్పనిసరి అయింది. రేడియోలో, దూరదర్శన్‌లో రోజూ కాసేపు దాని గురించి చెప్పాలన్నారు. బడుల్లో, కాలేజీల్లో అది పాఠ్యాంశం కావాలన్నారు. అప్పటినుంచి ఒక తరం ఆ పాఠాలు చదువుకునే పెద్దదయింది. ఏటా జూన్ 5న ర్యాలీలు తీస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం, వ్యాసరచన పోటీలు పెట్టి బహుమతులు ఇస్తున్నాం. ఇంత చెప్పాక కూడా నదులు ఎందుకు ఇలా ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు కోసం ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. ఇక్కడికి దగ్గర్లోనే, ఋషికుల్య సముద్రంలో కలిసే మొగ దగ్గర, రెండు ఉదాహరణలు పక్కపక్కనే ఉన్నాయి. వాటిలో ఒకదానిలో ప్రజల అవగాహన అద్భుతంగా పనిచేసింది. రెండోదానిలో దాదాపు పుట్టనేలేదు. మనుషులు వాళ్లే, ఒడ్డు అదే, ప్రభుత్వం అదే. అలాంటప్పుడు తేడా ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకుంటే మన విషయం చాలావరకు తేలిపోతుంది.

ఋషికుల్య కంధమాల్ జిల్లాలో దారింగిబాడి కొండల్లో పుట్టి, గంజాం జిల్లా పొలాలన్నీ తడుపుకుంటూ వచ్చి, ఛత్రపురానికి సమీపాన, పురుణాబంధ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ మొగకు అటూ ఇటూ పొదంపేట, గోఖరకుదా వంటి పల్లెలున్నాయి. ఈ తీరంలో, గోపాలపురం దాటి దక్షిణాన ఆంధ్ర సరిహద్దు దాకా, చేపల వేటమీద బతికేవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే వాడబలిజలు. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, గంజాం మద్రాసు ప్రెసిడెన్సీనుంచి విడిపోయినప్పుడు కాగితం మీద గీత మారింది గానీ వీళ్ల సముద్రం మారలేదు. పిల్లలు ఒడియా బళ్లో చదువుకుంటారు. ఇంట్లోనూ పడవలోనూ, వల బాగుచేసుకునేటప్పుడూ చేపల బేరం దగ్గరా వినిపించేది తెలుగే. వీళ్లతో ఎవరైనా ఏమైనా చెప్పదలచుకుంటే మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ముందు తాబేళ్ల సంగతి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ వేల సంఖ్యలో ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెడతాయన్న విషయం 1994లో శాస్త్రజ్ఞుల రికార్డుల్లోకి ఎక్కింది. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెట్టాయి. ఒక్కో తల్లి వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలల తరువాత రాత్రిపూట ఇసుక చల్లబడ్డాక పిల్లలు పైకి వస్తాయి. అరచేతిలో పట్టేంత పిల్లకు సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరు. ఎటువైపు వెలుగుంటే అటు నడుస్తుంది. విద్యుత్తు లేని కాలంలో చీకటి రాత్రి కూడా సముద్రం మీది ఆకాశమే నేలకన్నా తెల్లగా ఉండేది, కాబట్టి దారి తప్పేది కాదు. ఇప్పుడు జాతీయ రహదారి దీపాలు, దగ్గర్లోని కర్మాగారం దీపాలు, పల్లెల్లో వీధి దీపాలు సముద్రాన్ని మించి వెలుగుతున్నాయి. పిల్ల వెనక్కి తిరిగి, సరుగుడు తోటలవైపు, రోడ్డువైపు పాకుతుంది. తెల్లారేసరికి కాకులకో కుక్కలకో చిక్కుతుంది, లేదా ఎండకు ఎండిపోతుంది. వెలుగు కూడా కాలుష్యమే అవుతుందని పుస్తకాలు చెబితే నమ్మడం కష్టం. ఈ ఒడ్డున రాత్రిపూట వంగి ఇసుక మీది అడుగుజాడలు చూసినవాడికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

పల్లెవాళ్లు చూశారు, చూసి ఊరుకోలేదు. ఋషికుల్య సముద్ర తాబేళ్ల పరిరక్షణ సమితి పేరుతో కూడుకున్నారు. పిల్లలు బయటికొచ్చే రాత్రుల్లో బకెట్లు పట్టుకుని, దారితప్పినవాటిని ఏరి నీళ్లలో వదిలారు. అటవీ శాఖతో కలిసి గూళ్లకు కాపలా కాశారు. చుట్టుపక్కల దీపాలు ఆర్పించే ఏర్పాటు జరిగింది. ఏ వెలుగు పిల్లల్ని ఎంత దూరం లాగుతుందో, సరుగుడు తోపు ఎంత దూరంలో ఉంటే ఆ వెలుగును ఆపుతుందో పరిశోధకులు ఇదే ఇసుక మీద కొలిచి 2009లో అచ్చువేశారు. ఇందులో వేటగాళ్లకు నష్టం లేదనుకోకండి. నవంబరు 1నుంచి మే 31దాకా మొగ చుట్టూ 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం ఉంటుంది. సరిగ్గా చేపలు పడే కాలంలో వలలు మూలపడతాయి. ఆ నిషేధం మీద వాళ్ల ఫిర్యాదులు న్యాయమైనవే, పరిహారం గురించిన గొడవలూ న్యాయమైనవే. అంత బాధలోనూ తాబేలు పిల్లను కాలికింద పడకుండా తీసి నీళ్లలో విడిచే చెయ్యి వాళ్లదే. ఇక్కడ అవగాహన ఎలా పుట్టిందో ఆలోచిస్తే మూడు సంగతులు కనిపిస్తాయి. చెడు వాళ్ల కంటికి కనిపించింది. దాని గురించి చేయడానికి వాళ్ల చేతిలో పని ఉంది. ఆ పని చేసే హక్కును అధికారులూ ఒప్పుకున్నారు.

ఇక రెండోది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకకు దగ్గర్లోనే, గంజాం పట్టణం పక్కన, నదిని ఆనుకుని 1960ల చివర్లో కాస్టిక్ సోడా కర్మాగారం మొదలైంది. ఆ రోజుల్లో ఈ పరిశ్రమ ప్రపంచంలో చాలాచోట్ల వాడిన పద్ధతి పాదరసం తొట్టెలది. పొడవాటి తొట్టి అడుగున పాదరసాన్ని పలచని పొరగా పారిస్తారు. పైన ఉప్పునీరు. కరెంటు పోనిస్తే క్లోరిన్ పైకి వస్తుంది, సోడియం పాదరసంలో కలిసిపోతుంది. ఆ మిశ్రమాన్ని నీళ్లతో కడిగితే కాస్టిక్ సోడా, హైడ్రోజన్ వస్తాయి, పాదరసం మళ్లీ తొట్టిలోకి వెళుతుంది. చెప్పుకోవడానికి పాదరసం ఖర్చు కాకూడదు. నిజానికి ప్రతి విడతలోనూ కొంత జారిపోతుంది. కొంత ఉప్పు శుద్ధిచేయగా మిగిలిన బురదలో, కొంత వాడిన నీటిలో, కొంత హైడ్రోజన్‌తోపాటు గాల్లో. బురదను గుట్టగా పోస్తే వాన దాన్ని నదిలోకి కడుగుతుంది. మొగ అడుగున ఉన్న నల్లటి ఒండ్రులో, గాలి సోకని చోట, సూక్ష్మజీవులు ఆ పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. అది చిన్న జీవినుంచి చిన్న చేపకు, చిన్న చేపనుంచి పెద్ద చేపకు, మెట్టుమెట్టుకూ చిక్కబడుతూ పోతుంది. చేరేది కొవ్వులోకి కాదు, కండలోకి. కాబట్టి కడిగినా పోదు, ఉప్పువేసి ఎండబెట్టినా పోదు, పులుసులో ఎంత మరగబెట్టినా పోదు. గర్భిణి తింటే మావిని దాటి కడుపులో బిడ్డ మెదడును తాకగలదు. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. వలలో పడిన చేప చేపలాగే మెరుస్తుంది.

కంటికి కనబడనిదాన్ని కనిపెట్టినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. 1967లో స్థాపించిన బరంపురం విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞులు 1970ల చివరినుంచే పాదరసం చేపల్ని, మొక్కల్ని ఏం చేస్తుందో పరిశోధిస్తూ వచ్చారు. తరువాత కె.కె. పండా, ఎం. లెంకా, బి.బి. పండా ఈ కర్మాగారం పరిసరాల మీద వరస అధ్యయనాలు చేసి, 1990లో మొదటి భాగంలో ఋషికుల్య మొగలోని ఒండ్రులో పాదరసం ఎలా పరుచుకుందో వివరించారు. ఆ ఒండ్రు జీవకణాల జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తుందా అని చూడడానికి వాళ్లు ఎంచుకున్న సాధనం ఉల్లిపాయ. ఉల్లి వేరుమొనలో కణాలు చకచకా విభజన చెందుతాయి. విభజనలో పొరపాటు జరిగితే పెద్ద కేంద్రకం పక్కన చిన్న కేంద్రకపు తునక మిగిలిపోతుంది. సూక్ష్మదర్శినిలో ఆ తునకల్ని లెక్కపెడితే విషం ఎంత పనిచేసిందో తెలుస్తుంది. 1992లో వచ్చిన నాలుగో భాగం గంజాం పరిసరాల మొక్కల్లో పాదరసం చేరడం గురించి. ప్రపంచం నలుమూలల ఉన్న పాదరస పరిశోధకులు ఈ పత్రాల్ని ఈనాటికీ ఉటంకిస్తారు. మన విశ్వవిద్యాలయం గర్వపడవలసిన పని ఇది. నా బాధ ఒక్కటే. ఇంతటి జ్ఞానం విదేశీ పత్రికల్లో ఇంగ్లీషులో అచ్చయి, గ్రంథాలయపు అరలకు చేరింది. అదే మొగలో రోజూ వలవేసే మనిషికి అది ఆయన భాషలో క్రమం తప్పకుండా చేరే దారి ఒక్కటీ లేదు. దీన్ని పరిశోధకుల తప్పు అనడం నా ఉద్దేశం కాదు. కొలవడం వాళ్ల పని, వాళ్లు చేశారు. కొలిచినదాన్ని ఒడ్డుకు చేర్చే పని ఎవరిదని అడిగితే, మన వ్యవస్థలో ఏ కుర్చీకీ ఆ బాధ్యత రాసిలేదు. ఉల్లిపాయ తెలియని ఇల్లు పొదంపేటలో లేదు. ఆ పరీక్షనే పల్లె బడి ముందు చేసి చూపించి ఉంటే, ఏ కరపత్రమూ చేయలేని పని అది చేసేది.

తెలిసిన సంగతి జనానికి చేరకపోతే ఏమవుతుందో జపాన్ అనుభవం చెబుతుంది. మినమాటా పట్టణంలో వింత జబ్బును 1956 మే నెలలో అధికారికంగా గుర్తించారు. 1959లో అక్కడి కర్మాగారం ఆసుపత్రి వైద్యుడు హొసొకావా, కర్మాగారం వ్యర్థజలం కలిపిన తిండి పిల్లికి పెట్టి అదే జబ్బు రావడం కళ్లారా చూశాడు. ఆ ఫలితం బయటికి పొక్కనివ్వలేదు. కర్మాగారం 1968దాకా ఆ వ్యర్థాన్ని సముద్రంలోకి వదులుతూనే ఉంది. ఈలోగా 1965లో, అక్కడికి ఎంతో దూరాన నీగాటాలో, మరో కర్మాగారం దిగువన, ఒక నదిలో అదే జబ్బు మళ్లీ బయటపడింది. మొదటి ఊరి నిజం దేశమంతా తెలిసి ఉంటే రెండో ఊరు తప్పించుకునేదేమో. గంజాంలో మినమాటా జరిగిందని నేను అనడం లేదు. అలా అనడానికి రుజువు కావాలి, లేని రుజువును ఊహించి జనాన్ని భయపెట్టడం పాపం. నేను అంటున్నదల్లా ఇంతే: జరగలేదని ధైర్యంగా చెప్పడానికి కూడా చేపల్ని, మనుషుల్ని ఏళ్లతరబడి పరీక్షించి ఫలితాలు వాళ్ల ముందే పెట్టి ఉండాలి.

ఇక్కడ చదువుకున్నవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. పదిలక్షల పాళ్లలో ఒక పాలు అంటే వేటగాడికి ఏం అర్థమవుతుంది, ఇది నిపుణుల వ్యవహారం అంటారు. ఈ జిల్లా చరిత్రే దానికి జవాబు. 1999 అక్టోబరు తుఫాన్లలో ఒరిస్సా దాదాపు పదివేలమందిని పోగొట్టుకుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ సరిగ్గా గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంజాం ఇళ్లు నేలమట్టమయ్యాయి, తోటలు కూలాయి, కానీ రాష్ట్రం మొత్తంమీద పోయిన ప్రాణాలు యాభైలోపే. వాయుగుండం, గాలివేగం, పదో నంబరు ప్రమాద సూచిక అన్నవి మిథైల్ పాదరసం కన్నా తేలిక సంగతులేమీ కావు. వాటిని జనం ఎలా నేర్చుకున్నారు? ఎప్పటి సమాచారం అప్పుడే, తెలిసిన మనిషి నోటినుంచి వచ్చింది. వెళ్లడానికి తుఫాను షెల్టరు ఉంది. ఊళ్లో శిక్షణ పొందిన కుర్రాళ్లు ఉన్నారు. ఇంకా వెనక్కి వెళితే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో ఆయన సవరలకు చదువు చెప్పాలనుకుని, ముందు తానే సవర నేర్చుకున్నారు, ఆ భాషలోనే వాచకాలు రాశారు, బళ్లు పెట్టారు. సవరలకు అర్థం కాదని ఆయన అనలేదు. చెప్పేవాడు నేర్చుకోవలసింది ముందుందని గ్రహించారు. ఆ మాట పర్యావరణానికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమలు ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. గంజాం తీరంలో స్థానిక భాష అంటే ఒడియా ఒక్కటే కాదు. చదవగల లిపి ఒకటి, మాట్లాడే భాష ఒకటి అయిన ఈ జనానికి కాగితం చాలదు. ఎదురుగా కూర్చుని తెలుగులో చెప్పే మనిషి కావాలి.

రెండో అభ్యంతరం మరింత బలమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. చేపలో పాదరసం ఉందన్న మాట బజారుకెక్కితే బరంపురంలో ఋషికుల్య చేపను ముట్టేదెవరు? ముందు మునిగేది వేటగాడే కదా అంటారు. అందులో నిజం ఉంది. మినమాటాలోనూ వేటగాళ్లు చేపలు అమ్ముడుపోక అల్లాడిపోయారు. అయితే బజారును పాడుచేసేది కొలత కన్నా పుకారు. ఫలానా కాలంలో ఫలానా చోట పట్టిన రొయ్యల్లో, చిన్న చేపల్లో ఇంత ఉంది, అది తినదగ్గ హద్దులోనే ఉంది, గర్భిణులు మాత్రం సొర వంటి పెద్ద వేటాడే చేపలు మానుకోవాలి అని పేరుపెట్టి చెబితే కొనేవాడికి ధైర్యం వస్తుంది. హద్దు దాటిందని తేలితే, వేట ఆపినన్నాళ్లు పరిహారం అడిగే ఆధారం వేటగాడి చేతికి వస్తుంది. దాచిపెట్టినన్నాళ్లు ఆ ఆధారం లేదు. మినమాటా అఖాతాన్ని 1997లో సురక్షితమని ప్రకటించి చేపలు బయటికి పోకుండా కట్టిన వలల అడ్డు తీసేయగలిగారంటే, అన్నేళ్లపాటు చేపల్ని పరీక్షించి లెక్కలు బయటపెట్టడం వల్లే.

మరికొందరు జనం వైపే వేలు చూపిస్తారు. ప్లాస్టిక్ సంచులు పారేసేది జనమే, తెగిన నైలాన్ వలల్ని సముద్రంలో వదిలేసేదీ జనమే, ముందు వాళ్లకు బుద్ధి చెప్పండి అంటారు. తెగిన వలల్లో చిక్కి తాబేళ్లు చస్తున్న మాట నిజమే. బరంపురం కాలువల్లో ఏం తేలుతోందో ఈ సభలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 2022 జూలై 1నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల్ని దేశమంతటా నిషేధించినా అవి మన బజార్లనుంచి పోలేదు. ఈ అలవాట్లు మారాల్సిందే, నేను కాదనను. కానీ మన అవగాహన కార్యక్రమాలన్నీ ఎప్పుడూ కిందికే చూసి మాట్లాడడం నాకు కష్టంగా ఉంటుంది. సంచి పారేసిన ఆమెకు పాఠం చెప్పే వక్త, సంచిని తయారుచేసినవాడి పేరెత్తడు. పోనీ వేటగాడు వల ముక్క వదిలాడనుకుందాం, అది కంటికి కనబడుతుంది, ఏరవచ్చు. నది అడుగున చేరిన లోహాన్ని ఏరే వల ఏ వేటగాడి దగ్గరా లేదు.

ఉద్యోగాల మాట కూడా వస్తుంది. గంజాం వంటి వలస జిల్లాలో, కుర్రాళ్లు సూరత్ మగ్గాలకు రైలెక్కే చోట, ఒక కర్మాగారం అంటే వందల ఇళ్లకు తిండి. ఆ మాటను నేను గౌరవిస్తాను. ఈ ఊళ్లో పుట్టి, రైల్వే కార్మికుల నాయకుడై, రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారి జీవితం కార్మికుడి పక్షానే గడిచింది. కార్మికుడి పక్షాన నిలబడితే ముందు కనిపించేది ఇది: పాదరసపు ఆవిరి మొట్టమొదట పీల్చేది తొట్టి పక్కన నిలబడ్డ కార్మికుడే. పని పోతుందన్న భయమూ ఈ పరిశ్రమ విషయంలో నిలబడలేదు. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలతో కుదుర్చుకున్న ఒడంబడికలో పాదరసం తొట్టెలు వదిలేసి, పాదరసం అక్కర్లేని పొర పద్ధతికి మారాలని ఉంది. దేశంలో కర్మాగారాలు ఒక్కొక్కటే మారాయి. కరెంటు ఖర్చు తగ్గింది, ఉత్పత్తి ఆగలేదు. గంజాం కర్మాగారమూ పాత పద్ధతిని విడిచిపెట్టింది. పాదరసాన్ని అదుపు చేయడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది.

అయితే తొట్టెలు మారితే నది అడుగు మారదు. పాదరసం కుళ్లేది కాదు, కాలేది కాదు. ఏళ్లతరబడి ఒండ్రులో దిగినది పై పొరల కింద కప్పబడి ఉంటుంది. వరద వచ్చినా, తుఫాను వచ్చినా, ఇసుక మేటను కోసి మొగను లోతు చేసినా ఆ పొరలు కదిలి నీళ్లలో కలవగలవు. ఋషికుల్య మొగ ఏటా పక్కకు జరుగుతూ, మేటలు వేస్తూ ఉండే మొగ. పడవలు వెళ్లడానికి దాన్ని తవ్వాలన్న కోరిక వేటగాళ్లదే, న్యాయమైన కోరికే. 1974 జలచట్టం, 1986 పర్యావరణ చట్టం, కాలుష్య నియంత్రణ మండలి అన్నీ ఉండగా మళ్లీ జనం ఎందుకంటే ఇందుకే. చట్టం గొట్టంలోంచి ఈ రోజు వచ్చే నీటిని చూస్తుంది. నిన్నటి బురదను గుర్తుపెట్టుకునేది దాని పైన వలవేసే మనిషి.

కాబట్టి ఈ వేదికనుంచి నేను అడిగేది కొత్త ర్యాలీ కాదు. వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి మొగలో ఒండ్రును, పల్లెల్లో ఎక్కువగా తినే చేపల్ని, రొయ్యల్ని, పీతల్ని పరీక్షించాలి. మట్టి ఎక్కడ తీయాలో, ఏ చేప తీయాలో పొదంపేట, పురుణాబంధ, గోఖరకుదా వేటగాళ్లు చెప్పాలి. తాబేళ్లకు కాపలా కాసిన కుర్రాళ్లకు నమూనాలు తీయడం నేర్పడం కష్టమేమీ కాదు. పరీక్షలు చేయగల శక్తి, చేసిన చరిత్ర బరంపురం విశ్వవిద్యాలయానికి ఉన్నాయి. ఫలితం వచ్చిన వారంలోనే పడవలు ఒడ్డెక్కే చోట తెలుగులోనూ ఒడియాలోనూ నోటితో చెప్పాలి, ఊరి రామమందిరం గోడమీద రాయాలి. వేటగాళ్లు అడిగే ప్రశ్నలకు పరీక్ష చేసినవాళ్లే వచ్చి జవాబివ్వాలి. మొగను తవ్వే పని ఏదైనా తలపెడితే ఆ ఒండ్రు పరీక్ష ఫలితం ముందు గ్రామసభలో చదివి వినిపించాలి. దీనికయ్యే ఖర్చు పరిశ్రమ నుంచి రావాలి. కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు కేసులో మన చట్టంలో భాగమని తేల్చి చెప్పింది. ఆ డబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ ధర్మనిధి వడ్డీలో కొంత భాగాన్ని మొదటి ఏడాది నమూనాలకు కేటాయించాలని నిర్వాహకుల్ని ఈ సభాముఖంగా కోరుతున్నాను. తొలి విడత వచ్చే జూన్‌లో, తొలకరికి ముందే తీయవచ్చు.